పిల్లుల సత్రానికి పాలు పంపిన శెట్టి

అనగా అనగా, తెరచాప ఓడలు తీరాన బారులు తీరి నిలిచే రోజుల్లో, ముత్యాలరేవు అనే పట్నం ఒకటి ఉండేది. ఆ పట్నానికి ధాన్యమే సంపద, ఎలుకలే శత్రువులు. ఓడ దిగే ప్రతి బస్తాతోనూ రెండు ఎలుకలు దిగేవి. అందుకని అక్కడ ఇంటికొక పిల్లి, కొట్టుకొక పిల్లి ఉండేవి.

ఆ పట్నాన్ని రాణి కుముదాంబ ఏలేది. ఆమె ముత్తాత కోట గుమ్మం మీద ఒక శాసనం చెక్కించాడు. "మనకు కాపలా కాసిన జీవిని, సత్తువ పోయిందని పారవేయరాదు. పారవేసినవాడు ఏడాదిపాటు కోట గోడ దాటి బతకాలి." ఇదీ ఆ శాసనం.

ఆ పట్నంలో పేరిశెట్టి అనే ధాన్యం వర్తకుడు ఉండేవాడు. తూకంలో మోసం ఎరగడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడు. చెడ్డవాడు కాదు పిల్లలూ, ఆ మాట ముందే చెబుతున్నాను. చెడ్డవాడి కథే అయితే ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు.

పేరిశెట్టి కొట్టులో ఒక పిల్లి ఉండేది. తెల్లని ఒళ్ళు, వీపు మీద లేత గోధుమరంగు చారలు. ముడుచుకు పడుకుంటే అచ్చం గవ్వలా ఉంటుందని దానికి గవ్వ అని పేరు పెట్టారు. ఏడేళ్ళు అది ఆ కొట్టును కాచింది. పొద్దున్నే అతను తలుపు తీయగానే ఎదురు వచ్చేది. అతను గద్దె మీద కూర్చుంటే తక్కెడ పక్కన కూర్చునేది. అతను తినేటప్పుడు మొదటి ముద్ద దానికి పెట్టేవాడు.

ఒక ఏడు పంట విరగపండింది. కొట్టు నిండిపోయింది. బస్తాలు మోసేవాళ్ళు తలలు ఎత్తి చూసి, "శెట్టిగారూ, ఇంకో వరస పేరిస్తే నిలబడదు" అన్నారు.

"నిలబడుతుంది, పేర్చండి" అన్నాడు పేరిశెట్టి.

నాలుగో రోజున ఆ వరస కూలింది. మనుషులు తప్పుకున్నారు. గవ్వ తప్పుకోలేకపోయింది.

ప్రాణం దక్కింది కానీ నడుము విరిగింది. వెనక కాళ్ళు రెండూ చచ్చుబడిపోయాయి. ముందు కాళ్ళతో ఒంటిని ఈడ్చుకుంటూ కొట్టంతా తిరిగేది. ఒంటికి పోసుకోవడం దానికే తెలిసేది కాదు. కూర్చున్న చోటల్లా తడి.

ఒకనాడు పెళ్ళివారు బియ్యానికి వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకొని, "ఈ వాసనేమిటి శెట్టిగారూ?" అన్నాడు. మరో మాట లేకుండా ఎదుటి కొట్టుకి వెళ్ళిపోయాడు.

పేరిశెట్టికి చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అది సిగ్గుపడవలసిన చోటు కాదు. కానీ ఆ సంగతి అతనికి అప్పుడు తెలియదు.

భార్య మంగాంబ పుట్టింటికి వెళ్ళి ఉంది. మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ, పేరిశెట్టి గవ్వని ఒక మూతబుట్టలో పెట్టాడు. మూత బిగించి కట్టాడు. ఓడలు రావడం మానేసిన పాత రేవుకి తీసుకెళ్ళి, బోర్లించిన పడవ నీడలో బుట్ట దించాడు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

పది రోజులకి మంగాంబ తిరిగి వచ్చింది. కాళ్ళు కడుక్కుంటూనే అడిగింది. "గవ్వ ఏదండీ?"

"కనిపించడం లేదు. ఎటో వెళ్ళిపోయింది."

"నడుము విరిగిన పిల్లి ఎటు వెళుతుందండీ?"

కొట్టులో పనుందంటూ అతను లేచిపోయాడు.

మంగాంబ గిన్నెలో పాలన్నం కలుపుకొని సందు సందూ తిరిగింది. "గవ్వా, గవ్వా" అని ఆమె పిలిచే పిలుపు కొట్టులోకి వినిపించేది. వినిపించినప్పుడల్లా పేరిశెట్టి తక్కెడ ముల్లు వంక చూస్తూ కూర్చునేవాడు. మూడు రోజులు అలా ఎండలో తిరిగి ఆమె జ్వరం తెచ్చుకుంది.

మంచంలో పడుకొనే అంది. "కోట గుమ్మం అవతల పాత ఉప్పు కొటారు ఉంది కదా. అక్కడ ఆదెమ్మ అనే ఆమె పిల్లుల సత్రం నడుపుతోందట. ఎవరూ వద్దనుకున్నవాటిని తెచ్చి సాకుతుందట. నా మీద ఒట్టు, ఒక్కసారి వెళ్ళి చూసి రండి."

కాదనలేక వెళ్ళాడు.

ఆదెమ్మ ఓడలకి కొబ్బరి పీచు తాళ్ళు పేనే మనిషి. అరచేతులు పీచులాగే గరుగ్గా ఉంటాయి. తాళ్ళమ్మి వచ్చినదంతా ఆ పిల్లులకే. కొటారులో ఎటు చూసినా పిల్లులు. కళ్ళు రెండూ పోయిన ముసలి గండుపిల్లి గోడ తడుముకుంటూ నడుస్తోంది. పుట్టుచెవిటి పిల్లి ఒకటి నేలకి ఒళ్ళు ఆనించి అడుగుల అదురు వింటోంది. ఒక కూన, పుట్టుకతోనే తల ఊగుతూ, గిన్నె దాకా వెళ్ళడానికి నాలుగుసార్లు పడి నాలుగుసార్లు లేచింది.

"ఎవరు కావాలి బాబూ?" అంది ఆదెమ్మ, పేనుతున్న తాడు వదలకుండా.

"మా పిల్లి ఒకటి తప్పిపోయింది. చూద్దామని వచ్చాను."

ఆ గొంతు వినగానే మూలన గోనెపట్టా కదిలింది. ఆ పట్టా మీద నుంచి గవ్వ దిగింది. ముందు కాళ్ళతో నేలని పట్టుకొని, వెనక ఒంటిని బరబరా ఈడ్చుకుంటూ, కొటారు ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది. వచ్చి, అతని పాదం మీద గడ్డం ఆనించి, గురగురమంటూ కళ్ళు మూసుకుంది.

ఆదెమ్మ చేతిలో తాడు ఆగిపోయింది. "చిత్రంగా ఉందే! వచ్చి పన్నెండు రోజులైంది, ఒక్క మనిషి దగ్గరికీ రాలేదిది. ఎవరో బుట్టలో పెట్టి మూత కట్టి పాత రేవులో వదిలేశారు. నేను చూసేసరికి ఒక రాత్రీ ఒక పగలూ అయి ఉంటుంది. పడవ నీడ జరిగిపోయి, పాపం, ఎండలో ఉడికిపోయింది. మీదేనా బాబూ?"

అవునంటే బుట్ట సంగతి బయటపడుతుంది.

"కాదు" అన్నాడు.

"కాకపోయినా ఇంత దూరం ఈడ్చుకుంటూ వచ్చిందంటే మీ మనసు మెత్తనిదై ఉంటుంది. వీటికి మనుషులు తెలుస్తారు."

ఆ మాటకి అతనికి తల కొట్టేసినట్టయింది. పాదం మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. గవ్వ గడ్డం నేలకి ఆనింది.

ఇంటికి వెళ్ళగానే మంగాంబ మోచేతి మీద లేచి, "ఉందా?" అంది.

"లేదు" అన్నాడు.

ఆమె అతని మాట నమ్మింది. పాలన్నం గిన్నె కడిగి బోర్లించేసింది.

ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు. మర్నాడు సత్రానికి ఒక కుండెడు పాలు పంపాడు. గుండె కొంచెం తేలికపడ్డట్టు అనిపించింది. అందుకని రోజూ పంపాడు. వానలు మొదలైతే మనుషుల్ని పెట్టి కొటారు పైకప్పుకి తాటాకు నేయించాడు. చలి వస్తే పాత దుప్పట్లు కుట్టించి బండికెత్తి పంపాడు. తను మాత్రం మళ్ళీ అటు వెళ్ళలేదు. గవ్వ ఎదురు వస్తుందేమోనని భయం.

ఊరికి ఇవన్నీ తెలిశాయి. "పిల్లుల శెట్టి వెళుతున్నాడు చూడండి" అని తల్లులు పిల్లలకి చూపించేవారు. ఏ పెళ్ళి బియ్యమైనా ఇప్పుడు అతని కొట్టులోనే. పొగిడినప్పుడల్లా అతను తల దించుకునేవాడు. "ఎంత అణకువ!" అని ఇంకా పొగిడేవారు.

ఇది ఇలా ఉండగా, ఆదెమ్మ ఆ బుట్టని సత్రం గుమ్మానికి వేలాడదీసింది. ఎవరిదో ఎవరైనా గుర్తు పడతారని. గుర్తు పట్టారు కూడా. అంచుకి పచ్చరంగు వెదురుబద్ద అల్లడం బుట్టల లచ్చన్న అలవాటు. పట్నంలో ఇంకెవరూ అలా అల్లరు. ఒకరు అన్న మాట పదిమంది నోట పడి, లచ్చన్నే పిల్లిని పారేశాడని తేలిపోయింది. గవ్వ అక్కడ లేదన్న భర్త మాట మీద నమ్మకంతో మంగాంబకి ఏ అనుమానమూ రాలేదు. అతని దగ్గర బుట్ట కొనేవాళ్ళు లేకుండా పోయారు. నీళ్ళ రేవు దగ్గర అతని భార్యకి చోటివ్వలేదు.

ఒక ఉదయం లచ్చన్న పేరిశెట్టి కొట్టుకి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"శెట్టిగారూ, పిల్లుల మీద దయగలవారు మీరు. మీరొక్క మాట చెబితే ఊరు వింటుంది. ఆ బుట్ట అల్లింది నేనే, కాదనను. అల్లినవాణ్ణి నేను, మూత కట్టినవాణ్ణి కాదు. ఇంటింటికీ అమ్ముకుంటాను, ఎవరికని గుర్తుంటుంది? ఎవరి పనో మీకేమైనా తెలిసిందా బాబూ?"

చెప్పడానికి ఇంతకంటే మంచి వేళ రాదు. అక్కడ ఇద్దరే ఉన్నారు. లచ్చన్న కళ్ళలోకి చూస్తే నిజం వచ్చేసేది. పేరిశెట్టి అతని కాళ్ళ వంక చూశాడు. పగుళ్ళు తేలిన కాళ్ళవి.

"తెలియదు" అన్నాడు. లేచి వెళ్ళి ఒక బస్తా బియ్యం తెచ్చి అతని ముందు పెట్టాడు.

లచ్చన్న కళ్ళనీళ్ళు పెట్టుకొని అతనికి వంగి దణ్ణం పెట్టాడు. పేరిశెట్టికి ఆ దణ్ణం చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఒక మాట ఆదెమ్మకి, ఒక మాట భార్యకి, ఒక మాట లచ్చన్నకి. కాదు, లేదు, తెలియదు. మూడు చిన్న మాటలు. వాటి బరువుకి అతని మెడ లేవడం మానేసింది.

ఆ నెలలోనే ఓడల పండుగ వచ్చింది. రాణి కుముదాంబ రేవు మండపంలో కొలువు తీరింది. జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. మొదట పేరిశెట్టిని పిలిచారు. రాణి లేచి తన చేతులతో అతని భుజాల మీద జరీ శాలువా కప్పింది. "మార్జార బంధు" అని బిరుదు చదివారు. డప్పులు మోగాయి. ఆడవాళ్ళ వరసలో మంగాంబ కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది.

తరువాత ఇద్దరు భటులు లచ్చన్నని చేతులు కట్టి తెచ్చి నిలబెట్టారు. ఆదెమ్మ బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

"నేను కాదు తల్లీ" అన్నాడు లచ్చన్న.

రాణి పేరిశెట్టి వైపు తిరిగింది. "శాసనం ఏడాది వెలి వెయ్యమంటుంది. ఇతను తప్పు ఒప్పుకోవడం కూడా లేదు. ఇంకా ఎక్కువ వెయ్యాలా? ఆ మూగజీవాల బాధ ఎరిగినవాడివి, ఏం శిక్ష వెయ్యాలో నువ్వే చెప్పు."

మండపం అంతా అతని నోటి వంక చూసింది.

"తల్లీ, ఆ బుట్ట నాది" అన్నాడు.

అంతలో వర్తక పెద్ద ఒకాయన లేచి చేతులు జోడించాడు. "చూశారా తల్లీ! పేదవాణ్ణి కాపాడాలని పరాయి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఎంత దయ!"

జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ డప్పులు మోగాయి.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది పిల్లలూ. నిజం చెప్పానన్న తృప్తి దక్కేది, భుజాన శాలువా దక్కేది. లచ్చన్నని కూడా వదిలేసేవారేమో. పేరిశెట్టి మనసు ఒక్క నిమిషం అటు మొగ్గింది కూడా. కానీ లచ్చన్న వైపు చూశాడు. లచ్చన్న కూడా అదే నమ్మి, కట్టిన చేతులు ఎత్తి అతనికి మొక్కుతున్నాడు.

అది చూసి ఇక తట్టుకోలేకపోయాడు. శాలువా తీసి రాణి పాదాల దగ్గర పెట్టాడు.

"డప్పులు ఆపించండి. నా మాట వినండి. ఆ పిల్లి నా కొట్టుది. దాని పేరు గవ్వ. వద్దన్నా వినకుండా బస్తాలు ఎత్తుగా పేర్పించి దాని నడుము విరగ్గొట్టింది నేను. వాసన వేస్తోందని బేరగాళ్ళు వెళ్ళిపోతుంటే, బుట్టలో పెట్టింది నేను. తాడుకి నాలుగు ముళ్ళు వేశాను. నాలుగో ముడి వేస్తుంటే లోపల నుంచి గొంతు వినిపించింది. అరుపు కాదు తల్లీ. నా చెయ్యి తగిలినప్పుడల్లా గురగురమంటుంది, అదే. నేను ఎక్కడికో తీసుకెళ్ళి మేలు చేస్తున్నాననుకుంది."

అతను వంగి ఆ బుట్ట మూత తెరిచి చూపించాడు.

"బుట్ట మూలన చిన్న ఆకుదొన్నెలో పాలన్నం పెట్టాను. అది ఆకలితో ఉండకూడదని కాదు. నాకు నిద్ర పట్టాలని."

ఆదెమ్మ మెల్లగా లేచి నిలబడింది. "నిజమే తల్లీ. ఆకుదొన్నె సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కట్టినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు." పేరిశెట్టి వైపు చూసి మళ్ళీ అంది. "ఆ పిల్లి ఈయన పాదం మీద తల పెట్టిన రోజే నాకు అనుమానం వచ్చింది. పాలు వచ్చాయి. కప్పు నేయించారు. మిగిలిన పిల్లుల కోసమని ఆ అనుమానం నేనే తొక్కేసుకున్నాను. ఈ లచ్చన్న పేరు చెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నాకూ సిగ్గుగానే ఉంది."

ఆడవాళ్ళ వరసలో మంగాంబ లేచింది. ఏడవలేదు, తిట్టలేదు.

"లేదన్నారు కదండీ" అంది.

అంతే. జనం దారి ఇస్తే, కోట గుమ్మం వైపు, సత్రం వైపు నడిచి వెళ్ళిపోయింది.

రాణి లచ్చన్న కట్లు విప్పించి, "నీకేం కావాలి?" అని అడిగింది.

"నా పేరు నాకు కావాలి తల్లీ" అన్నాడు లచ్చన్న.

"పేరిశెట్టీ, రేపు లచ్చన్న బుట్టలు నీ నెత్తిన పెట్టుకొని ప్రతి వీధీ తిరిగి, జరిగింది చెప్పు. ఎల్లుండి నుంచి ఏడాదిపాటు కోట గోడ దాటి ఉండు" అంది రాణి.

ఆదెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నా సత్రం కోట గోడ అవతలే ఉంది తల్లీ. ఆ ఏడాదీ అక్కడే గడపమనండి. పాలు పంపేవాళ్ళు కాదు, పని చేసేవాళ్ళు కావాలి నాకు."

రాణి తల ఊపింది.

మర్నాడు పేరిశెట్టి బుట్టలు నెత్తిన పెట్టుకొని వీధి వీధీ తిరిగాడు. పక్కన ఖాళీ కావడితో లచ్చన్న నడిచాడు. "అమ్మా, ఇవి లచ్చన్న బుట్టలు. తప్పు ఇతనిది కాదు, నాది" అని ప్రతి గుమ్మం ముందూ చెప్పాడు. కొందరు తలుపులు వేసుకున్నారు. నిన్న పిల్లలకి అతన్ని చూపించిన తల్లులే ఇవాళా చూపించారు. ఎండ వాలే వేళకి బుట్టలన్నీ అమ్ముడుపోయాయి. లచ్చన్న ఖాళీ కావడి భుజాన వేసుకొని, అతనితో ఒక్క మాటైనా అనకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

సత్రంలో మొదటి ఉదయం, పేరిశెట్టి అలవాటుగా పాల కుండ అందుకోబోయాడు.

"అది అక్కడ పెట్టండి" అంది ఆదెమ్మ. "ఈ పిల్లులకి పాలు పడవు శెట్టిగారూ. కడుపు చెడుతుంది. మీరు పంపినవన్నీ పక్క పాలెంలో పిల్లలకి పోశాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"పంపడం మీకు అవసరంలా కనిపించింది."

అతనికి ఆ మాట కంటే సిగ్గు ఇంకేదీ మిగల్లేదనిపించింది. కానీ మిగిలింది. ఆదెమ్మ గవ్వని ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది. అతని రెండు వేళ్ళు పట్టుకొని దాని పొత్తికడుపు మీద పెట్టి, "ఇదిగో, ఇక్కడ, పండు పట్టుకున్నట్టు మెత్తగా నొక్కాలి. నడుము పోయిన పిల్లి తనంతట తను పోసుకోలేదు. నిండిపోయి కారుతుంది, అంతే. పూటపూటా ఇలా తీసేస్తే తడీ ఉండదు, వాసనా ఉండదు" అంది.

"ఇంతేనా?" అన్నాడు పేరిశెట్టి.

"ఇంతే."

అరనిమిషం పని. ఏడేళ్ళు తన కొట్టు కాచిన ప్రాణిని ఆ అరనిమిషం కోసం పారేశాడు. అతను తల గోడకి ఆనించాడు. గవ్వ అతని ఒళ్ళో గురగురమంటూనే ఉంది. కోపం ఉంటుందేమోనని దాని కళ్ళలో వెతికాడు. లేదు. ఉంటే బాగుండుననిపించింది.

మంగాంబ కొట్టు నడుపుతూ రోజూ సాయంత్రం సత్రానికి వచ్చేది. గవ్వకి తినిపించేది, దువ్వేది, వెళ్ళిపోయేది. అతనితో మాట్లాడేది కాదు. నాలుగో నెలలో ఒకనాడు, అతను గుడ్డి గండుపిల్లికి చేపముక్కలో ముళ్ళు ఏరుతుంటే చూసి, "ఆ చిన్న ముల్లు వదిలేశారు" అంది. పేరిశెట్టి ఆ ముల్లు తీసి పక్కన పెట్టాడు.

ఏడాది దగ్గరపడుతుండగా ఒక పొద్దున ఓడ సరంగు ఒకడు సత్రం గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో గోనెసంచి. అది కదులుతోంది. సరంగు చూపు నేల మీద ఉంది.

"దారిలో దొరికింది. నాది కాదు" అన్నాడు.

పేరిశెట్టి సంచి విప్పాడు. లోపల మూడు కాళ్ళ పిల్లి. భయపడకుండా తల బయటపెట్టి, సరంగు చొక్కా పట్టుకుంది. పేరిశెట్టి ఆ పిల్లినీ చూశాడు, ఆ మనిషి ముఖమూ చూశాడు. ఆ ముఖం అతనికి బాగా తెలుసు.

"నేను కూడా ఇదే గుమ్మంలో నిలబడి నాది కాదన్నాను బాబూ" అన్నాడు మెల్లగా. "ఆ మాట చెప్పి వెళ్ళినవాడు ఎంత దూరమూ వెళ్ళలేడు. లోపలికి రా. దీని పేరేమిటో చెప్పు. దీన్ని ఎలా చూసుకోవాలో నేను నేర్పుతాను."

సరంగు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పిల్లిని ఒళ్ళోకి తీసుకొని కూర్చున్నాడు. "చుక్కాని" అన్నాడు. "దీని పేరు చుక్కాని."

కనుక పిల్లలూ, చేసిన తప్పు ఎన్ని దానాలతోనూ మరుగున పడదు. ముందు నోరు తెరిచి నాదే అనాలి, తరువాత చేతులతో దిద్దుకోవాలి.